కమ్యూనిటీ కాలేజీ అని చెప్పుకోవడానికి నామోషీ ఎందుకు?

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రికలో అమెరికా చదువుల గురించి వచ్చేవన్నీ శ్రద్ధగా చదువుతాను. ఎం.ఎస్. సీట్లు, వీసా ఇంటర్వ్యూలు, కన్సల్టెన్సీల మోసాలు, ఏ యూనివర్సిటీకి ఎంత ర్యాంకు, అన్నీ రాస్తున్నారు. అవి కావాల్సినవే. కానీ ఇక్కడ కాపురం ఉంటున్న తెలుగు కుటుంబాలకు ఇంటి పక్కనే, చాలా తక్కువ ఖర్చులో దొరికే చదువు ఒకటుంది. దాని గురించి మాత్రం ఒక్క ముక్క కనబడదు. అదే కమ్యూనిటీ కాలేజీ, అంటే ఆ ప్రాంతం వాళ్ల కోసం ప్రభుత్వ డబ్బుతో నడుస్తూ, ముఖ్యంగా మొదటి రెండేళ్ల కాలేజీ చదువు చెప్పే కాలేజీ. మాది నరసరావుపేట. పెళ్లయ్యాక వచ్చి కాలిఫోర్నియాలోని సన్నీవేల్‌లో ఉంటున్నాను. పక్క ఊరు కూపర్టినోలోని డీ ఆంజా కాలేజీలో చదువుకున్నాను. ఆ చదువు వల్లే ఇవాళ ఒక ప్రీస్కూల్లో టీచర్‌గా పని చేస్తున్నాను.

ఈ మధ్య ఇక్కడ తెలిసినవాళ్ల ఇంట్లో సీమంతానికి వెళ్లాం. భోజనాల దగ్గర ఒకావిడ, వాళ్ల అబ్బాయి హైస్కూల్ అయిపోయి డీ ఆంజాలో చేరాడని గొంతు తగ్గించి చెప్పింది. పక్కనున్నావిడ వెంటనే "అయ్యో, ఎక్కడా సీటు రాలేదా?" అంది. ఆ తల్లి మొహం చూస్తే నాకు కడుపు తరుక్కుపోయింది. నిజానికి ఆ అబ్బాయికి రెండు చోట్ల సీటు వచ్చింది. అంత అప్పు చేసి దూరం వెళ్లడం ఎందుకు, రెండేళ్లు ఇంటి దగ్గర చదువుకుని తర్వాత యూనివర్సిటీకి ట్రాన్స్‌ఫర్ అవుతానని వాడే తేల్చుకున్నాడు. ఆ వయసులో అంత ఆలోచన ఉన్నందుకు మెచ్చుకోవాలి. కానీ విజయవాడలో ఉన్న అత్తగారికి మాత్రం ఏదో యూనివర్సిటీ పేరు చెప్పాల్సి వచ్చిందని ఆవిడ తర్వాత నాతో చెప్పుకుని బాధపడింది. ఆ రోజే అనుకున్నాను, ఈ విషయం మీకు రాయాలని. ఎందుకంటే ఈ నామోషీ ఇక్కడ మొదలైంది కాదు. మన ఊళ్లో చుట్టాలు అడిగే ప్రశ్నలకి భయపడి పుట్టింది. దాన్ని పోగొట్టాలన్నా మన ఊళ్లో చదివే పత్రికలోనే రావాలి.

అసలు ఈ కాలేజీలు ఎలా పుట్టాయో కొంచెం చెబుతాను. అమెరికాలో మొట్టమొదటి ప్రభుత్వ జూనియర్ కాలేజీ (కమ్యూనిటీ కాలేజీకి అప్పటి పేరు, మన ఇంటర్ కాలేజీ కాదు) 1901లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని జోలియెట్‌లో పెట్టారు. కాలిఫోర్నియాలో మొదటిది 1910లో ఫ్రెస్నోలో వచ్చింది. 1960లో ఈ రాష్ట్రం ఉన్నత విద్యకి ఒక మాస్టర్ ప్లాన్ వేసుకుంది. అందులో హైస్కూల్ పిల్లల్లో పై ఎనిమిదో వంతుకి యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా, పై మూడో వంతుకి స్టేట్ యూనివర్సిటీలు అని కేటాయించారు. కమ్యూనిటీ కాలేజీలకి మాత్రం అలాంటి గీత గీయలేదు. చదువుకుని బాగుపడగలిగిన ప్రతి ఒక్కరికీ తలుపులు తెరిచి ఉంచాలన్నారు. ఇప్పటికీ అదే పద్ధతి. పద్దెనిమిదేళ్లు నిండితే చాలు, ఎంట్రన్స్ లేదు, ర్యాంకు లేదు, డొనేషన్ లేదు, వయసు పరిమితి లేదు. రాష్ట్రంలో ఇలాంటివి 116 ఉన్నాయి. ఏడాదికి ఇరవై లక్షల మంది దాకా వాటిలో చదువుతారు. డీ ఆంజా 1967లో మొదలైంది. కొండల వైపు లాస్ ఆల్టోస్ హిల్స్‌లో ఉన్న ఫుట్‌హిల్ కాలేజీ, ఇదీ ఒకే కమ్యూనిటీ కాలేజీ జిల్లా (ఈ కాలేజీల కోసమే గీసిన ప్రాంతం) బోర్డు కింద నడుస్తాయి. ఆ బోర్డు సభ్యుల్ని ఇక్కడి ఓటర్లే ఎన్నుకుంటారు.

నా సంగతి చెబుతాను. నేను బీకాం చదివాను. మావారి హెచ్1బి ఉద్యోగ వీసా మీద నేను హెచ్4లో, అంటే భార్యకిచ్చే వీసా మీద వచ్చాను. అప్పట్లో హెచ్4 వాళ్లు ఉద్యోగం చేయకూడదు, కానీ చదువుకోవచ్చు. ఈ రెండో మాట మనవాళ్లలో చాలామందికి తెలియదు. వచ్చిన కొత్తలో పొద్దున్నే ఆయన ఆఫీసుకి వెళ్లిపోతే సాయంత్రం దాకా ఇంట్లో ఒక్కదాన్నే. ఇంగ్లిష్ చదివితే అర్థమయ్యేది, షాపులో ఎవరైనా గబగబా మాట్లాడితే మాత్రం టెన్షన్ వచ్చేసేది. పక్క అపార్ట్‌మెంట్‌లో ఉండే ఒక చైనా ఆవిడ, నా పరిస్థితే తనది కూడా, డీ ఆంజాలో ఇంగ్లిష్ క్లాసులు ఉంటాయని చెప్పి తనతో పాటు తీసుకెళ్లింది. అలా 2010లో చేరాను. అప్పట్లో రాష్ట్ర నివాసులకి యూనిట్‌కి 17 డాలర్లు ఉండేది. యూనిట్ అంటే కోర్సు బరువుని కొలిచే లెక్క, ఒక్కో కోర్సుకి కొన్ని యూనిట్లుంటాయి. మాంద్యం రోజుల్లో రాష్ట్ర బడ్జెట్ కోత పడి రెండుసార్లు పెరిగి 2012కి 31 డాలర్లయింది. అప్పటి నుంచి ఇప్పటిదాకా అదే 31. ఈ ప్రాంతంలో అద్దె దగ్గర నుంచి కొత్తిమీర కట్ట దాకా ధర పెరగనిది ఏదైనా ఉందంటే నాకు తెలిసి ఇదొక్కటే.

క్లాసులో నా పక్కన ఎవరు కూర్చునేవారో చెబితే మీకు ఆ కాలేజీ అర్థమవుతుంది. ఒకవైపు మనవళ్లున్న వియత్నాం పెద్దావిడ. మరోవైపు పగలంతా రెస్టారెంట్లో వంట చేసి సాయంత్రం క్లాసుకి వచ్చే మెక్సికో కుర్రాడు. వెనక బెంచీలో ఇరాన్‌లో ఇంజనీరుగా చేసి ఇక్కడ మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టుకున్న పెద్దాయన. టీచర్ ఎవరినీ చిన్నచూపు చూసేది కాదు. తప్పు మాట్లాడితే నవ్వేవాళ్లు ఉండేవారు కాదు, ఎందుకంటే అందరం తప్పులు మాట్లాడేవాళ్లమే. అమెరికా వచ్చాక నాకు దొరికిన మొదటి స్నేహితులు వాళ్లు. అంతకుముందు తెలుగువాళ్లు కాని ఒక్క మనిషితో కూడా నేను మనసు విప్పి మాట్లాడలేదు.

ఇంగ్లిష్ అయ్యాక చైల్డ్ డెవలప్‌మెంట్ క్లాసులు తీసుకున్నాను. కాలిఫోర్నియాలో ప్రీస్కూల్ టీచర్ కావాలంటే లైసెన్సింగ్ నిబంధనల ప్రకారం పిల్లల చదువుకి సంబంధించి 12 సెమిస్టర్ యూనిట్లు ఉండాలి. పిల్లల ఎదుగుదల, పిల్లవాడు-కుటుంబం-సమాజం, పాఠ్యక్రమం, ఈ మూడూ వాటిలో తప్పనిసరి. డీ ఆంజాలో ఏడాదిని సెమిస్టర్ల కంటే చిన్న క్వార్టర్లుగా విడగొట్టే పద్ధతి కాబట్టి అవి 18 క్వార్టర్ యూనిట్లవుతాయి. ఇప్పటి లెక్కన ట్యూషన్ 558 డాలర్లు. పుస్తకాలు, చిన్నా చితకా ఫీజులు అదనం. ఇక్కడ చాలా ఇళ్లలో పిల్లవాడి ఒక్క నెల డే కేర్ బిల్లు దీనికి రెండు మూడింతలు ఉంటుంది.

ఆ చదువు ఎలా ఉండేదో ఒక్క విషయం చెబుతాను. క్యాంపస్‌లోనే చిన్నపిల్లల సెంటర్ ఉంది. పిల్లల్ని గమనించి రాయడం మా హోంవర్క్. మొదటిసారి నేను "బాబు కోపంగా ఉన్నాడు, మొండిగా ప్రవర్తించాడు" అని రాశాను. టీచర్ దాని కింద గీత పెట్టి, నువ్వు చూసింది రాయి, అనుకున్నది రాయకు అంది. "బ్లాకులు పక్కకి తోశాడు, చేతులు కట్టుకున్నాడు, తలుపు వైపు రెండుసార్లు చూశాడు" అని రాయాలి. అలా రాస్తేనే వాడు మొండివాడు కాదని, అమ్మ కోసం చూస్తున్నాడని తెలుస్తుంది. మన బళ్లలో ఎంతమంది పిల్లలకి అల్లరోడనీ మొద్దనీ ఒకటో తరగతిలోనే ముద్ర పడిపోతుందో తలుచుకుంటే నాకిప్పటికీ బాధేస్తుంది. మా పెద్దమ్మ కూతురు పల్నాడులోనే అంగన్‌వాడీ టీచర్. ఫోన్ చేసినప్పుడు ఈ పద్ధతి చెప్పాను. ఆ అక్క ఇప్పుడు తన దగ్గరున్న పిల్లల మీద ఒక నోట్‌బుక్ పెట్టుకుని రాస్తోంది. నేర్చుకోవాలనే ఆశ ఆమెకి నాకంటే ఎక్కువ. సాయంత్రం పూట వెళ్లి కూర్చోవడానికి ఆమెకో కాలేజీ లేదు, అంతే తేడా.

2015 మే నెలాఖరు నుంచి, గ్రీన్ కార్డు ప్రక్రియలో ఐ-140 (కంపెనీ వేసే దరఖాస్తు) ఆమోదం వచ్చిన హెచ్1బి వాళ్ల జీవిత భాగస్వాములకి పని చేసే అనుమతి ఇవ్వడం మొదలుపెట్టారు. అదే ఈఏడీ. ఆ కార్డు చేతికి వచ్చేసరికి నా యూనిట్లు సిద్ధంగా ఉన్నాయి. కాబట్టి దరఖాస్తు పెట్టగానే ఉద్యోగం వచ్చింది. నాతో పాటే ఈఏడీ వచ్చిన తెలుగు అమ్మాయిల్లో కొందరు, ఇన్నేళ్లు ఖాళీగా ఉన్నాం, ఇప్పుడు మాకు ఎవరు ఇస్తారని దిగులుపడి ఆగిపోయారు. వాళ్లలో ఎంటెక్‌లు ఉన్నారు, గోల్డ్ మెడల్ వచ్చినవాళ్లు ఉన్నారు. ఆ ఏళ్లలో వాళ్లకి ఈ కాలేజీ సంగతి ఎవరైనా చెప్పి ఉండాల్సింది.

పిల్లల విషయానికి వస్తే, లెక్క చాలా తేలిక. ఏడాదికి 45 యూనిట్లు చదివినా డీ ఆంజాలో ట్యూషన్ 1400 డాలర్లు దాటదు. అదే యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాలో అయితే రాష్ట్రం వాళ్లకి కూడా ఏడాదికి ట్యూషన్, ఫీజులే 14 వేల డాలర్ల పైమాట. హాస్టల్, తిండి ఖర్చు వేరు. 2017లో చేసిన చట్టంతో, మొదటిసారి కాలేజీలో చేరి ఫుల్‌టైమ్ చదివే పిల్లలకి తొలి ఏడాది ఫీజు లేకుండా చేసే వీలు కూడా కాలేజీలకి వచ్చింది, 2019లో దాన్ని రెండో ఏడాదికి కూడా పొడిగించారు. రెండేళ్లయ్యాక ట్రాన్స్‌ఫర్. డేవిస్, అర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్, యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాలోని ఈ ఆరు క్యాంపస్‌లు ముందే హామీ ఇస్తాయి: ఫలానా కోర్సులు ఫలానా మార్కులతో పూర్తి చేస్తే సీటు ఖాయమని. బర్కిలీ, లాస్ ఏంజెలెస్, శాన్ డియెగో అలా హామీ ఇవ్వవు గానీ అవీ ట్రాన్స్‌ఫర్ పిల్లల్ని తీసుకుంటాయి. అలా వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఈ కమ్యూనిటీ కాలేజీల నుంచి వచ్చినవాళ్లే. చివర్లో చేతికొచ్చే డిగ్రీ మీద యూనివర్సిటీ పేరే ఉంటుంది. ఆ సీమంతంలో అయ్యో అన్నావిడకి ఇవన్నీ తెలిసి ఉంటే ఆ మాట అని ఉండేది కాదు.

ఇంకో సంగతి కూడా ఉంది. మన ఇళ్లలోనే హైస్కూల్ పిల్లల్ని వేసవిలో ఇవే కాలేజీల్లో కాలిక్యులస్‌కో, కంప్యూటర్ ప్రోగ్రామింగ్‌కో చేర్పిస్తారు. హైస్కూల్లో ఉండగా తీసుకుంటే ట్యూషన్ ఉండదు, పైగా యూనివర్సిటీ అప్లికేషన్‌లో రాసుకోవచ్చు. అప్పుడు ఎవరికీ నామోషీ అనిపించదు. పదహారేళ్లప్పుడు గొప్పగా చెప్పుకున్న కాలేజీ, పద్దెనిమిదేళ్లకి తక్కువదెలా అయిపోతుందో నాకు అర్థం కాదు.

పేరున్నవాళ్ల పేర్లు చెబితేనే మనవాళ్లకి నమ్మకం కుదురుతుందేమో. యాపిల్ కంపెనీ పెట్టిన ఇద్దరు స్టీవ్‌లలో ఒకరైన స్టీవ్ వోజ్నియాక్ కొంతకాలం డీ ఆంజాలో చదివాడు. ఆ క్యాంపస్‌లో అప్పట్లో నడిచిన ఫ్లింట్ సెంటర్ అనే హాల్లోనే 1984 జనవరి 24న మొదటి మాకింటాష్ కంప్యూటర్‌ని ప్రపంచానికి చూపించారు. ఇక్కడికి కొంచెం దూరంలో హేవర్డ్‌లో ఉన్న షాబో కమ్యూనిటీ కాలేజీలో నటుడు టామ్ హాంక్స్ చదువుకున్నాడు. ఆయన చదివిన రోజుల్లో, అంటే డెబ్భైల్లో, కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీల్లో ట్యూషనే లేదు. 1984లో యూనిట్‌కి 5 డాలర్ల చొప్పున మొదలైంది.

కాలేజీ అంటే డిగ్రీ ఒక్కటే అనుకోకండి. డీ ఆంజాలో కార్లు బాగుచేయడం నేర్పే పెద్ద ఆటోమోటివ్ విభాగం ఉంది, నర్సింగ్ ఉంది, అకౌంటింగ్ ఉంది. ఫుట్‌హిల్‌లో అయితే పళ్ల ఆరోగ్యానికి సంబంధించిన డెంటల్ హైజీన్‌లో నాలుగేళ్ల బ్యాచిలర్ డిగ్రీయే ఇస్తారు. డీ ఆంజాలో ఊరివాళ్లందరికీ ప్లానెటేరియం షోలు ఉంటాయి. చాలా ఏళ్ల పాటు నెలలో మొదటి శనివారం క్యాంపస్ పార్కింగ్‌లో పాత సామాన్ల సంత పెట్టేవారు. దాన్ని విద్యార్థి సంఘం నడిపేది, వచ్చిన డబ్బు విద్యార్థుల కార్యక్రమాలకి వెళ్లేది. అప్పట్లో మా అత్తగారు వచ్చినప్పుడల్లా ఆ సంతకి వెళ్లాల్సిందే. ఇంటికి ఇత్తడి సామాను ఏదో ఒకటి రావాల్సిందే. గ్రీన్ కార్డు మీద వచ్చి పిల్లల దగ్గర ఉండిపోయిన పెద్దవాళ్లకి కొన్ని కాలేజీల్లో ప్రత్యేకంగా తరగతులున్నాయి. దక్షిణాన శాంటా మోనికా కాలేజీలో 1975 నుంచి నడుస్తున్న ఎమెరిటస్ కార్యక్రమం పెద్దవాళ్ల కోసమే, క్లాసులకి ఫీజు లేదు. శాన్ ఫ్రాన్సిస్కో సిటీ కాలేజీలో ఇంగ్లిష్, పౌరసత్వ పరీక్ష తరగతులు ఉచితం. నాలుగు గోడల మధ్య సీరియళ్లు చూస్తూ, అబ్బాయీ కోడలూ ఎప్పుడొస్తారా అని ఎదురుచూసే మన అమ్మానాన్నలకి ఇవి తెలియాలి.

ఇదంతా దానధర్మం కాదు. ఇక్కడ ఇల్లు కొనుక్కున్న ప్రతి తెలుగు కుటుంబం కట్టే ఆస్తి పన్నులో కొంత భాగం కమ్యూనిటీ కాలేజీ జిల్లాకి వెళ్తుంది. కాలేజీ భవనాలకి బాండ్లు జారీ చేయాలంటే ఓటేసిన స్థానికుల్లో 55 శాతం మంది ఒప్పుకోవాలి. పన్ను బిల్లులో ఆ కాలేజీల బాండ్ల కింద ఒక వరుస ఉంటుంది, ఈసారి బిల్లు వచ్చినప్పుడు చూడండి. మన డబ్బుతో నడిచే మన ఊరి కాలేజీ అది.

ఉన్న లోపాలు కూడా చెప్పాలి. చేరినవాళ్లంతా పూర్తి చేయరు. చాలామంది మధ్యలోనే ఆగిపోతారు, ముఖ్యంగా రెండు ఉద్యోగాలు చేసుకుంటూ అద్దె కట్టుకునేవాళ్లు. ట్రాన్స్‌ఫర్ కావాలంటే మొదటి క్వార్టర్‌లోనే కౌన్సెలర్‌ని కలిసి ఏ కోర్సులు తీసుకోవాలో ప్లాన్ వేసుకోవాలి, లేకపోతే రెండేళ్ల పని మూడు నాలుగేళ్లవుతుంది. 31 డాలర్ల ఫీజు రాష్ట్ర నివాసులకే. నివాసి అనిపించుకోవాలంటే ఏడాదికి పైగా ఇక్కడ ఉండి, స్థిరపడే ఉద్దేశం కాగితాలతో చూపించాలి. హెచ్1బి, హెచ్4 వాళ్లకి ఆ అవకాశం ఉంది. ఇండియా నుంచి ఎఫ్1 వీసా మీద వచ్చే విద్యార్థులకి లేదు, వాళ్లు చాలా రెట్లు ఎక్కువ కట్టాలి. కాబట్టి ఈ ఉత్తరం చూపించి ఏ కన్సల్టెన్సీ అయినా చవక చదువంటే నమ్మొద్దు. విజిటర్ వీసా మీద వచ్చిన తల్లిదండ్రులు డిగ్రీ కోర్సుల్లో చేరకూడదు. హెచ్4 వాళ్లకి పెల్ గ్రాంట్ లాంటి ఫెడరల్ సాయం రాదు. ఈ వివరాలు మీ ఎన్నారై పేజీలో ఒకసారి సవివరంగా వేస్తే ఎంతోమందికి ఉపయోగం.

మన ప్రభుత్వాలకి కూడా ఒక మనవి. యూజీసీ 2013-14లో కమ్యూనిటీ కాలేజీల పథకం తెచ్చింది. అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ 1982 నుంచి ఇంట్లో ఉండి చదువుకునేవాళ్లకి ఎంతో చేసింది, మా మేనత్త డిగ్రీ అక్కడిదే. కానీ సాయంత్రం పూట ఊళ్లోని ప్రభుత్వ డిగ్రీ కాలేజీకి నడిచి వెళ్లి, నలుగురితో కలిసి బెంచీ మీద కూర్చుని, ఒక టీచర్ని ప్రశ్న అడిగే వీలు నలభై ఏళ్ల ఆడమనిషికి మన ఊళ్లో ఎక్కడుంది? గదులున్నాయి, బల్లలున్నాయి, కరెంటుంది. సాయంత్రానికి తాళం పడుతుంది. ముందుగా ఒక్కో జిల్లా కేంద్రంలో ఒక్క కాలేజీ తాళం రాత్రి ఎనిమిదిన్నర దాకా తీసి ఉంచమని అడుగుతున్నాను. అంగన్‌వాడీ టీచర్లకి పిల్లల చదువు, షాపుల్లో పని చేసే కుర్రాళ్లకి అకౌంట్స్, ట్యాక్సీ నడిపేవాళ్లకి ఇంగ్లిష్. వయసు అడగకుండా, టీసీ అడగకుండా చేర్చుకోవాలి.

చివరగా, కూతుళ్లని అమెరికా పంపిన అమ్మానాన్నలకి ఒక మాట. డీ ఆంజాలో ఫాల్ క్వార్టర్ సెప్టెంబర్ చివర్లో మొదలవుతుంది. సెమిస్టర్ పద్ధతి ఉన్న కాలేజీల్లో ఆగస్టులోనే మొదలవుతాయి. కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీలకి సీసీసీ అప్లై అనే వెబ్‌సైట్‌లో దరఖాస్తు పెట్టుకోవచ్చు, దానికి ఫీజు లేదు. మిగతా రాష్ట్రాల్లో కూడా ఇలాంటి కాలేజీలున్నాయి, నిబంధనలు వేరుగా ఉంటాయి, అక్కడి ఆఫీసులో అడిగితే చెబుతారు. ఈ ఆదివారం మీ అమ్మాయితో వీడియో కాల్ మాట్లాడేటప్పుడు, ఏం వండావని అడిగాక, మీ ఊళ్లో కమ్యూనిటీ కాలేజీ ఎక్కడుందో, వెళ్లి కనుక్కుందో లేదో కూడా అడగండి.

ఇట్లు,
మీ పాఠకురాలు, ప్రీస్కూల్ టీచర్,
సన్నీవేల్, కాలిఫోర్నియా